రిజర్వాయర్లో పడవేసుకుని చేపలకి వెళ్తున్నారా? చెరువు అనుకుని దిగకండి

చెరువంటే మనకి భయం ఉండదు. చిన్నప్పుడు గేదె తోక పట్టుకుని ఈదిన నీళ్ళు, ఎండాకాలంలో బురదలో చేతులు పెట్టి కొర్రమేనులు తీసిన నీళ్ళు. ఆ ధైర్యంతోనే మన విజయనగరం జిల్లాలో మడ్డువలసలోకో, తాటిపూడిలోకో, ఆండ్ర రిజర్వాయర్లోకో పడవ వేసుకుని దిగిపోతాం. శ్రీకాకుళం తీరాన బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు సముద్రం మీదకి వెళ్ళేవాళ్ళని చూడండి, గాలి చూస్తారు, మబ్బు చూస్తారు, ఇంట్లో పెద్దాయన ఈవేళ వద్దంటే ఆగిపోతారు. రిజర్వాయర్ దగ్గర మనకి ఆ పట్టింపు ఉండదు. ఎందుకంటే ఎటు చూసినా ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. అదే మోసం. కనిపించే ఒడ్డుకీ చేరగలిగే ఒడ్డుకీ ఎంత తేడా ఉంటుందో గాలి లేచాక గానీ తెలియదు.

రిజర్వాయర్ అంటే పెద్ద చెరువు కాదు, కట్టేసిన ఏరు. మడ్డువలస అడుగున సువర్ణముఖి ఉంది, తాటిపూడి అడుగున గోస్తనీ, ఆండ్ర అడుగున చంపావతి. ఏరుతో పాటు దాని ఒడ్డున ఉన్న తోటలు, బావులు, పొలంగట్లు, కొన్నిచోట్ల ఇళ్ళ గోడలు కూడా అడుగునే ఉన్నాయి. పైన చూస్తే అద్దంలా ఉంటుంది.

ఇది చేపల వేటే బతుకుతెరువైన వాళ్ళ కోసం కాదు, వాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. నిజానికి ఇందులో సగం పైన మా మావ దగ్గర నేర్చుకున్నదే, ఆయన వంగర వైపు ముప్ఫై ఏళ్ళుగా వల వేస్తున్నాడు. నాలాగా ఆదివారం పూట ఫ్రెండు పడవ అడిగి తీసుకుని, గేలమో చిన్న వలో పట్టుకుని వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు అడగండి

రిజర్వాయర్లో చేపలు ఎవరివీ కావు అనుకోవద్దు. చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలు ఉంటాయి, చేపపిల్లలు వదులుతారు, మత్స్యశాఖ లైసెన్సులు ఉంటాయి. వానాకాలంలో చేప గుడ్లు పెట్టే సమయంలో వేట ఆపే కట్టుబాటు ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అని మనం పేపర్లో చదివే నిషేధం సముద్రానిది, దానికీ దీనికీ సంబంధం లేదు. కాబట్టి రేవు దగ్గర వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ దగ్గరకెళ్ళి, "బావా, ఇక్కడ గేలం వేసుకోవచ్చా, ఎటు వెళ్తే మంచిది" అని మర్యాదగా అడగండి. టీ తాగించండి. గొడవ రాకుండా ఉంటుందని మాత్రమే కాదు, నీళ్ళ కింద మోళ్ళు ఎక్కడున్నాయో, గాలి ఏ మూల నుంచి కొడుతుందో ఏ మ్యాపులోనూ ఉండదు, వాళ్ళ నోట్లోనే ఉంటుంది. వాళ్ళు ఆ రోజు పడవలు గట్టుకి లాగేసి కూర్చుంటే మీరు మాత్రం దేనికి వెళ్ళడం?

పడవ సంగతి

పన్నెండు, పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవైతే ఇద్దరు, మహా అయితే ముగ్గురు. నలుగురు పడతారు కదా అంటే పడతారు, వెళ్ళేటప్పుడు పడతారు, నీళ్ళు కదలనంత సేపు పడతారు. మనుషులు, వల, లంగరు, నీళ్ళ సీసాలు అన్నీ ఎక్కాక పడవ అంచు నీటికి పైన ఎంత ఉందో చేత్తో కొలవండి. జానెడు కూడా లేకపోతే ఒకరిని దింపేయండి. మొహమాటపడకండి. తిరిగొచ్చేటప్పుడు తడిసిన వల బరువు, చేపల బరువు ఇంకా కలుస్తాయి.

ఒడ్డునే పడవని కొంచెం నీళ్ళలోకి తోసి పావుగంట వదిలేయండి. అడుగున చెమ్మ ఎక్కడ నుంచి వస్తోందో తెలుస్తుంది. చెక్క పడవలో కొద్దిగా ఊరడం మామూలే, కానీ పావుగంటలో మడమ తడిసేంత నీరు చేరితే ఆ రోజుకి పడవ వద్దు. తారు ముద్ద పెట్టాం, గుడ్డ కుక్కాం, సర్దుకుంటుందిలే అంటారు. సర్దుకోదు.

లోపల ఉండాల్సినవి చెప్తాను. తెడ్లు రెండు కాదు, మూడు, ఒకటి చెయ్యి జారి నీళ్ళలో పోతుంది కాబట్టి. ఇంజను ఉన్నా తెడ్లు ఉండాల్సిందే. ఐదు లీటర్ల నూనె డబ్బా మూతి వైపు ఉంచి అడుగు కోసేస్తే నీళ్ళు తోడడానికి దాన్ని మించింది లేదు, దానికి ఒక పురికొస కట్టి పడవకే కట్టేయండి. కత్తి ఒకటి, తుప్పు పట్టనిది, చేతికి అందేలా నడుముకి, సంచి అడుగున కాదు. పదిహేను ఇరవై మీటర్ల నైలాన్ తాడు. ఒక విజిల్, స్కూలు పిల్లల ఆటలకి వాడేది చాలు, అరిచే గొంతు పది నిమిషాల్లో పోతుంది గానీ విజిల్ పోదు. ఫోన్ ఒక పాలిథిన్ కవర్లో ముడేసి, ఆ కవర్ని ఇంకో కవర్లో ముడేసి, చొక్కా జేబులో కాదు, మెడలో. తాగే నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. మా మావ అయితే చోడంబలి, అదే రాగి అంబలి, సీసాలో పోసుకుని వస్తాడు, ఎండలో దానికి సాటి లేదు.

ఇంకో చిన్న ఉపాయం. గట్టిగా మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాన్లు నాలుగు పడవ పీటల కింద తాడుతో కట్టేయండి. ఒక్కో క్యాను దాదాపు ఐదు కిలోల బరువు తేల్చి ఉంచుతుంది. పడవ నిండా నీళ్ళు వచ్చినా అడుక్కి వెళ్ళిపోకుండా ఈ క్యాన్లు సాయపడతాయి, పట్టుకోవడానికి మీకు ఏదో ఒకటి మిగులుతుంది.

థర్మాకోల్ షీట్లు సంచిలో కుట్టిన తెప్ప మీద కూర్చుని వల వేసేవాళ్ళని రిజర్వాయర్లలో చూసే ఉంటారు. చూడ్డానికి చాలా తేలిగ్గా ఉంటుంది. అది వాళ్ళకి ఏళ్ళ తరబడి వచ్చిన నడుము బ్యాలెన్స్. లారీ ట్యూబు కూడా అంతే. కొత్తవాళ్ళు వాటి జోలికి వెళ్ళకండి.

జాకెట్ పీట కింద పెట్టుకోవడానికి కాదు

మొదటిసారి మడ్డువలసలో నేను చేసిన పని ఇదే. లైఫ్ జాకెట్ కొన్నాను, పడవలో పెట్టాను, ఎండకి ఉక్కగా ఉందని మడతపెట్టి దాని మీదే కూర్చున్నాను. మెత్తగా ఉంది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం మూడు దాటింది. పడమట కొండ వెనక నుంచి నల్లగా లేచింది, మేము ఇంకో రెండు బొచ్చెలు పడతాయేమో అని చూస్తూ ఉన్నాం. పావుగంటలో గాలి అందుకుంది. ఆ ఊగుడులో జాకెట్ వేసుకోవాలని చూస్తే ఒక చెయ్యి దూరింది, రెండో చెయ్యి దూరలేదు, తెడ్డు వదిలితే పడవ అడ్డం తిరుగుతోంది. చివరికి జాకెట్ ఒక భుజానికి వేలాడుతుండగానే, అరగంటలో వెళ్ళాల్సిన ఒడ్డుకి రెండు గంటలకి చేరాం, అదీ మేము బయల్దేరిన ఒడ్డు కాదు, ఎదుటి ఒడ్డు. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి, గట్టు మీద జాకెట్ వేసుకున్నాకే పడవలో కాలు పెడతాను.

నీళ్ళలో మనిషి బరువు చాలా తగ్గిపోతుంది, తల పైకి ఉండడానికి నాలుగైదు కిలోల తేలుడు సరిపోతుంది. అందుకే అంత పల్చటి జాకెట్ కూడా పనిచేస్తుంది. కానీ వదులుగా ఉంటే మీరు కిందకి, జాకెట్ పైకి వెళ్తుంది. వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి, గెడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే బెల్టులు ఇంకా బిగించాలి. తొడల మధ్య నుంచి వచ్చే బెల్టు ఉంటే అది కట్టుకోవడానికి సిగ్గుపడకండి. కొన్న రోజే నడుము లోతు నీళ్ళలో కాళ్ళు ఎత్తేసి తేలి చూడండి. లోపలి ఫోమ్ నలిగి పిండిలా అయిపోయిన పాత జాకెట్ ఊరికే బరువు. పిల్లల్ని తీసుకెళ్తే పిల్లల సైజుదే వేయాలి, పెద్దవాళ్ళ జాకెట్లోంచి పిల్లవాడు కిందకి జారిపోతాడు.

బట్టల విషయం కూడా ఇక్కడే. లుంగీ తడిస్తే కాళ్ళకి చుట్టుకుంటుంది, నిక్కరు వేసుకోండి. గమ్‌బూట్లు వద్దు. ఈత వచ్చిన వాళ్ళకి జాకెట్ ఎందుకు అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. తలకి పడవ అంచు తగిలి పడితే ఈత ఏం పనికొస్తుంది?

గాలి, మబ్బు, ఒడిశా వాన

తుపానుకి మనం అలవాటు పడ్డాం. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021లో గులాబ్, అన్నీ చూసిన జిల్లాలు ఇవి. తుపాను రోజు ఎవరూ పడవ తీయరు, రోజుల ముందు నుంచే ఫోన్లు మోగుతూ ఉంటాయి. భయపడాల్సింది ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే గాలివానకి. పొద్దున్న ఆకాశం తుడిచినట్టు ఉంటుంది, మధ్యాహ్నం దాకా ఉక్క, ఆకు కదలదు, తర్వాత కొండల మీద మబ్బు కాలీఫ్లవర్ లాగా పైకి పెరుగుతుంది. అలా నిలువుగా పెరుగుతున్న మబ్బు కనిపిస్తే గేలం చుట్టేయండి. మామూలు వేడి గాలి వీస్తూ వీస్తూ ఒక్కసారి ఆగి, చల్లగా మట్టి వాసనతో ఇంకో వైపు నుంచి కొట్టిందంటే ఇక టైం లేదు. దూరంగా నీళ్ళ మీద నల్లటి గీత మీ వైపు జరిగి వస్తున్నట్టు కనిపిస్తుంది, అదే గాలి.

ఎండాకాలంలో ఈ లెక్కతో వెళ్ళండి. తెల్లవారగానే దిగి, పదకొండు, పన్నెండు లోపు పైకి వచ్చేయడం. ఆ తర్వాత ఎండకీ మంచిది కాదు, గాలికీ మంచిది కాదు. చలికాలంలో ఇబ్బంది వేరే, పొద్దున్న మంచు పట్టేసి పది బారల దూరంలో ఏముందో తెలియదు, మంచు విడే దాకా రేవులోనే ఆగండి. డిసెంబరులో మనవైపు సాయంత్రం ఐదుంపావు, ఐదున్నరకల్లా పొద్దు వాలిపోతుంది, జూన్ నెల అలవాటుతో ఆరు దాకా ఉంటే చీకట్లో మోళ్ళ మధ్య చిక్కుకుంటారు.

బయల్దేరే ముందు ఫోన్లో వాతావరణం చూడండి. పిడుగుల కోసం 'దామిని' అనే యాప్ ఉంది, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ళు చేసింది, మీ చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడే సూచన చూపిస్తుంది. రాష్ట్ర విపత్తుల సంస్థ నుంచి మెసేజ్ వస్తే చదవకుండా తోసేయకండి.

ఇంకొకటి, బయట నుంచి వచ్చే వాళ్ళకి తట్టనిది. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవే. అక్కడ రాత్రి కుండపోత కురిస్తే మనకి ఇక్కడ చుక్క లేకపోయినా నీరు దిగుతుంది. వానాకాలంలో నీళ్ళు ఎర్రగా మారి, కొమ్మలు, చెత్త కొట్టుకొస్తుంటే పైన గట్టిగా పడిందని అర్థం. ఏరు వచ్చి రిజర్వాయర్లో కలిసే చోట, చేపలు బాగా పడే చోటే అది, ముందు ఆ దెబ్బ తగులుతుంది.

ఎటు వెళ్ళాలి

ఇది గుర్తుపెట్టుకోండి, వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి. కష్టమే. కానీ ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు కష్టపడితే, అలిసిపోయి వచ్చేటప్పుడు గాలే తోసుకుంటూ తీసుకొస్తుంది. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు, గాలి వాలున హాయిగా పాటలు పాడుకుంటూ రెండు కిలోమీటర్లు వెళ్ళిపోయి, వచ్చేటప్పుడు చేతులు బొబ్బలెక్కి ఏడుస్తారు.

పెద్ద నీళ్ళలో గాలికి అడ్డం ఉండదు. ఈ ఒడ్డున నీరు వణికినట్టు మాత్రమే ఉంటుంది, అదే గాలి రెండు మూడు కిలోమీటర్లు నీళ్ళ మీద దొర్లుకుంటూ ఎదుటి ఒడ్డుకి చేరేసరికి మోకాలెత్తు కెరటం అవుతుంది. సముద్రపు కెరటంలా పొడుగ్గా లేచి దిగదు, పొట్టిగా, దగ్గరదగ్గరగా, వెంటవెంటనే కొడుతుంది. చిన్న పడవకి ఇదే ఎక్కువ ప్రమాదం. అందుకే నడి నీళ్ళలోకి అడ్డంగా కొట్టుకుని పోకుండా ఒడ్డు వెంబడే వెళ్ళండి. చేపలు కూడా ఎక్కువగా అంచుల దగ్గరే ఉంటాయి, నడిమధ్యలో ఏదో ఉందనేది మన భ్రమ.

ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరెవరు, ఎన్ని గంటలకి వస్తారు, ఈ మూడు ఇంట్లో ఒకరికి, రేవు దగ్గర ఒకరికి చెప్పండి. "రెండు గంటలకి ఫోన్ రాకపోతే వెతకండి" అని అంతే స్పష్టంగా. సాయంత్రానికి వస్తాం అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

దగ్గరకి వెళ్ళకూడనివి

గేట్లు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నట్టే ఉంటాయి, కానీ గేటు ఎత్తితే అడుగు నుంచి లాగుతుంది, పైకి కనపడదు. సైరన్ మోగిస్తారు కదా అని దాని మీద ఆధారపడకండి, ఎదురుగాలిలో వినపడకపోవచ్చు. గేట్ల నుంచి కనీసం అర కిలోమీటరు దూరం నా లెక్క. కాలవకి నీళ్ళు వదిలే మదుముల దగ్గర కూడా అంతే, ఊరి చెరువు మదుము దగ్గర పిల్లలు చిక్కుకుపోయిన సంగతులు మనం విననివి కాదు. గేట్ల కింద వైపు, నీళ్ళు దూకే చోట చేపలు ఎగురుతుంటే నోరూరుతుంది, ఆ సుడిలో జాకెట్ కూడా కాపాడలేదు.

కరెంటు తీగలు. రిజర్వాయర్ ఖాళీగా ఉన్నప్పుడు చాలా ఎత్తులో ఉన్న తీగ, నిండినప్పుడు మీ తలకి దగ్గరవుతుంది, తీగ దిగలేదు, మీరు పైకి లేచారు. కార్బన్ గేలం కర్ర గానీ, తడిసిన వెదురు గడ గానీ నిలువుగా ఎత్తి పట్టుకుని తీగ కింద నుంచి వెళ్ళకండి.

మోళ్ళు. నీళ్ళు తగ్గే కొద్దీ ఇవి పైకి వస్తాయి, అసలు ప్రమాదం పైకి రాకముందు, ఒక జానెడు లోతులో ఉన్నప్పుడే. నీటి మీద ఒక చోట మాత్రమే చిన్న ముడత కనిపిస్తే అక్కడ ఏదో ఉంది. తెలియని చోట ఇంజను ఆపి తెడ్డుతో వెళ్ళండి, ఒకరు ముందు కూర్చుని గడతో తడుముతూ.

పడవలో ఎలా ఉండాలి

నిలబడకండి. ఇంతకు మించి ఒక్క ముక్కలో చెప్పడం నాకు రాదు. చేప పడిందని లేవడం, ఫోటో కోసం లేవడం, అవతలి వాడికి అగ్గిపెట్టె ఇవ్వడానికి లేవడం. ఇంకొకటి చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది గానీ చెప్పాలి, మూత్రానికి పడవ అంచున నిలబడి చాలామంది మగాళ్ళు నీళ్ళలో పడతారు. మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాలో పోయండి, కాకపోతే ఒడ్డుకి తీసుకెళ్ళండి. జరగాల్సి వస్తే ఒక్కరే, అంచులు రెండు చేతులతో పట్టుకుని, వంగి.

కల్లు సంగతి. తాటికల్లు కాలంలో ముంత లేకుండా చేపల ప్రోగ్రాం ఏంటి అంటారు మనవాళ్ళు. ఒడ్డుకి వచ్చాక ఎంతైనా తాగండి, ముంత మాత్రం పడవ ఎక్కనివ్వకండి.

విసురు వల వేసేవాళ్ళు వల తాడు మణికట్టుకి ముడేసుకుంటారు. వల అడుగున మోడుకి పట్టుకుంటే, అప్పుడే పడవ కదిలితే, ఆ తాడు మనిషిని నీళ్ళలోకి లాగేస్తుంది. ఒక్క చేత్తో గుంజితే ఊడిపోయే ముడి మాత్రమే వేయండి. పడవ మీద నిలబడి విసరడం రాని వాళ్ళు ఒడ్డు నుంచే విసరండి, సిగ్గేమీ లేదు. పెట్టుడు వల వేసేటప్పుడు వలంతా కాళ్ళ దగ్గర కుప్ప పోయకండి, టబ్బులో పెట్టుకుని ఒకరు వదులుతుంటే ఒకరు తెడ్డు వేయాలి. టంగూసు వల, అంటే సన్న నైలాను దారం వల, నీళ్ళలో కనపడదు, చొక్కా బొత్తానికి తగులుకున్నా చాలు. నడుముకి కత్తి అందుకే చెప్పాను.

లంగరు ఎప్పుడూ ముందు ముక్కుకే కట్టాలి. వెనక కట్టారంటే కెరటం పడవ వెనక భాగంలోంచి లోపలికి దూకుతుంది, నిమిషాల్లో నిండుతుంది. లోతుకి ఐదింతల తాడు వదలండి, తక్కువైతే లంగరు పట్టదు. మోడుకి లంగరు ఇరుక్కుంటే గింజుకోకండి, తాడు కోసేయండి. ఇసుక బస్తా ఎంత, మీరెంత.

గాలి పట్టేసింది, ఇప్పుడేంటి

అందరూ పీటలు దిగి పడవ అడుగున కూర్చోండి. బరువు ఎంత కిందకి ఉంటే అంత మంచిది. పడవ ముక్కుని కెరటానికి ఎదురుగా, కొంచెం ఏటవాలుగా ఉంచండి, ఎట్టి పరిస్థితిలోనూ పడవ పక్క కెరటానికి ఇవ్వకండి. ఒకరు తెడ్డు వేస్తుంటే ఇంకొకరు నీళ్ళు తోడుతూనే ఉండాలి. బయల్దేరిన రేవుకే చేరాలని పంతం పట్టకండి, ఏ ఒడ్డు సులువైతే ఆ ఒడ్డు. బండి అక్కడుంది, చెప్పులు అక్కడున్నాయి అనే ఆలోచన ఎన్ని ఇళ్ళు ముంచిందో. వల నీళ్ళలో ఉంటే వదిలేయండి. ఆ ఏప్రిల్ సాయంత్రం నేను చివరి వల లాగుతూ ఉంటే వేరే పడవలోంచి మా మావ అరిచిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది, "ఒరే అల్లుడా, వల పోతే మల్లీ కొనుక్కుందుం, బేగి రా రా!"

మెరుపు కనపడి ఉరుము వినపడడానికి మధ్య లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్ఫై సెకన్ల లోపు వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, అప్పటికే మీరు ఒడ్డున ఉండాలి. నీళ్ళ మీద అన్నిటికంటే ఎత్తైనది మీ తలే, దాని కంటే ఎత్తు మీ గేలం కర్ర. కర్ర, గడ అన్నీ పడుకోబెట్టి, చేతులు నీళ్ళలో పెట్టకుండా, వంగి ఒడ్డుకి నడపండి. ఒడ్డెక్కాక పరిగెత్తుకెళ్ళి తాటిచెట్టు కింద నిలబడకండి, మనవైపు పిడుగు పడితే ముందు కాలేది తాటిచెట్టే. పక్కా ఇల్లు గానీ, తలుపులు వేసిన కారు గానీ చూసుకోండి. చివరి ఉరుము విన్నాక ఇంకో అరగంట ఆగాలి.

పడవ తిరగబడితే

పడవని వదలకండి. ఒడ్డు దగ్గరగానే ఉంది ఈదేస్తాను అనిపిస్తుంది. నీళ్ళలో తల ఒక్కటే పైకి పెట్టుకుని చూస్తే దూరం అంచనా తప్పుతుంది, దూరంగా ఉన్న ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. తిరగబడ్డ చెక్క పడవ తేలుతుంది, ఫైబర్ పడవలో క్యాన్లు కట్టి ఉంటే అదీ తేలే అవకాశం ఎక్కువ. ముందు పేర్లు పెట్టి పిలుచుకుని అందరూ ఉన్నారో లేదో చూసుకోండి. వల మీద పడిందేమో కాళ్ళు తడుముకోండి, ఉంటే తన్నకండి, తన్నే కొద్దీ చుట్టుకుంటుంది, నెమ్మదిగా కోయండి. పడవ వీపు మీదకి ఎంతవరకు ఎక్కగలిగితే అంత ఎక్కి, విజిల్ మూడేసి సార్లు ఊదుతూ ఉండండి. ఫోన్ పనిచేస్తుంటే 112.

ఒక్కరే నీళ్ళలో పడితే, పడవలో ఉన్నవాళ్ళు వెంట దూకకండి. మునిగేవాడు చేతికి దొరికినదాన్ని తొక్కి పైకి రావాలని చూస్తాడు, అది వాడి తప్పు కాదు. తెడ్డు చాపండి, తాడు విసరండి, ఖాళీ క్యాను విసరండి. ఇంజను ఉంటే ముందు ఆపేయండి, పంకా రెక్కలు కాళ్ళు కోసేస్తాయి. పైకి లాగేటప్పుడు పక్క నుంచి లాగితే పడవ మొత్తం ఒరుగుతుంది, వెనక నుంచి ఎక్కించండి.

ఒడ్డుకి తెచ్చాక మనవైపు ఇంకా చేసేది బోర్లా వేసి పొట్ట నొక్కడం, కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పడం. దయచేసి చేయనివ్వకండి. నీళ్ళు కక్కించడం కాదు ముఖ్యం, ఊపిరి అందించడం. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గెడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఐదు సార్లు ఊదండి. కదలిక లేకపోతే రెండు చేతులు ఒకదాని మీద ఒకటి రొమ్ము మధ్య ఎముక మీద పెట్టి, రెండు అంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 లెక్కన ముప్ఫై సార్లు నొక్కి, రెండు సార్లు ఊదడం. 108 వచ్చే దాకా ఆపకండి, ఒకరు అలిసిపోతే ఇంకొకరు. లేచి కూర్చుని మాట్లాడుతున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కొన్ని గంటల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు.

చేప ముల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఏడుపు, ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే పెద్ద ఏడుపు, దానికి విషం ఉంటుంది. వల లోంచి ఇంగిలాయిని చేత్తో తీయకండి, గోనెగుడ్డతో పట్టుకోండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, చర్మం కాలకుండా, చెయ్యి అరగంటకి పైగా ఉంచితే నొప్పి దిగుతుంది. ముల్లు ముక్క లోపల విరిగిపోతే, ఊపిరి ఆడనట్టుంటే, వాపు పైకి పాకితే డాక్టర్ దగ్గరకే. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే అదీ అడగండి.

ఒడ్డెక్కాక

పడవని నీటి అంచున వదిలేసి వెళ్ళకండి. రాత్రి పైనుంచి నీరు దిగి మట్టం పెరిగితే పొద్దున్నకి పడవ నడి నీళ్ళలో ఉంటుంది. నాలుగు బారలు పైకి లాగి, బోర్లా తిప్పి, చెట్టుకి కట్టి, తెడ్లు ఇంటికి తీసుకెళ్ళండి, తెడ్లు అక్కడ ఉంటే పిల్లలు పడవ తీస్తారు. తెగిన వల ముక్కలు నీళ్ళలో పారేయకండి, కొంగలూ తాబేళ్ళూ అందులో చిక్కుకుంటాయి. తేలినీలాపురానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే పక్షుల్ని చూసి మురిసిపోయే మనమే వాటి కాళ్ళకి టంగూసు తగిలిస్తే ఎలా.

చేపలు పంచుకోవడం మొదలుపెట్టే ముందు, వస్తామని చెప్పిన వాళ్ళకి ఫోన్ చేయండి. ఒకసారి నేను మర్చిపోయాను. మూడు గంటలకల్లా ఒడ్డెక్కేసి, రాజాంలో బజ్జీలు తిని, ఫోన్ ఇంకా కవర్లోనే ముడేసి ఉండగా హాయిగా ఇంటికొచ్చాను. రాత్రి ఏడున్నరకి మా మావ ఇంకో ఇద్దరిని వెంటేసుకుని, టార్చి పట్టుకుని గట్టు మీద నా పేరు పెట్టి అరుస్తున్నాడని అత్త ఫోన్ చేసి చెప్పింది. బండి వేసుకుని వెళ్ళాను. ఆయన ఏమీ తిట్టలేదు, టార్చి ఆర్పేసి, "తిన్నావేటి?" అన్నాడంతే. ఆ రోజు పడ్డ వాటిలో పెద్ద శీలావతి ఫ్రిజ్‌లోంచి తీసి ఆయన ఇంట్లో ఇచ్చి వచ్చాను.